కొనేముందు విప్పి చూడటం

విమానం అమ్మేస్తానన్న మాట ఎమిల్ బార్టా శనివారం పొద్దున కాఫీ దగ్గర అన్నాడు. ఎవరితోనూ అనలేదు, కప్పులోకి చూస్తూ అన్నాడు.

"కళ్ళ డాక్టరు ఇంక వద్దన్నాడు. షెడ్డులో ఊరికే పడుంటే ఎలుకలు కాపురం పెడతాయి."

అని, ఒక్కసారి తలెత్తి కర్ట్ వావ్రా వైపు చూసి మళ్ళీ కప్పులోకి చూశాడు. గడ్డి రన్‌వే పక్కనున్న ఆ రేకుల షెడ్డులో, బల్ల చుట్టూ కూర్చున్న వాళ్ళందరూ ఆ చూపు చూశారు. నెబ్రాస్కాలో ఆ మూల ఊళ్ళలో బేరం అలాగే మొదలవుతుంది. అమ్ముతావా అని అడగడం మర్యాద కాదు, కొంటావా అని అడగడం అంతకన్నా కాదు. ఒకడు కప్పులోకి చూస్తూ అంటాడు. ఇంకొకడు కిటికీలోంచి చూస్తూ ఊఁ అంటాడు. కర్ట్ కిటికీలోంచి చూస్తూ ఊఁ అన్నాడు. అతని చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

ముప్పై ఆరేళ్ళుగా అతను ఆ మాట కోసం చూస్తున్నాడు. ట్రాక్టరు తిరగబడి తండ్రి పోయిన ఏడు కర్ట్ బడి మానేసి ధాన్యం గోదాములో పనికి చేరాడు. ఆ వారంలోనే ఎమిల్ అతన్ని విమానం వెనక సీట్లో కూర్చోబెట్టి ఊరు చుట్టూ తిప్పాడు. కిందికి దిగాక ఇంజను ఆపి, "నేను ఎగరడం మానేసిన రోజున ఇది నీదేరా" అన్నాడు. ఏడుస్తున్న పిల్లాడికి ఎవరైనా ఏదో ఒకటి అంటారు. అన్నవాళ్ళు మర్చిపోతారు. కర్ట్ మర్చిపోలేదు. గోదాములో దుమ్ము మింగుతూ, మొక్కజొన్న లారీలు తూస్తూ, నలభై దాటాక అద్దె విమానంలో ఎగరడం నేర్చుకుని లైసెన్సు తెచ్చుకున్నది ఆ ఒక్క మాట కోసమే. ఊళ్ళో ఆ సంగతి ఎవరికీ తెలియదు. భార్య జోలీన్‌కి కూడా సగమే తెలుసు.

విమానం 1946 నాటిది. ముందొకరు, వెనకొకరు కూర్చునే రెండు సీట్ల బండి. ఉక్కు గొట్టాల ఒళ్ళు, చెక్క రెక్కలు, వాటిమీద బిగించిన గుడ్డ. గుడ్డకి మీగడ రంగు, అంచుల్లో వక్క రంగు. అలాంటిదాన్ని కొనేముందు తెలిసిన మెకానిక్ చేత ఒళ్ళంతా విప్పించి చూపించుకోకపోతే కొన్నవాడి ఖర్మ. ఈ ముక్క కర్ట్‌కి చెప్పింది బావమరిది ట్రెంట్.

ట్రెంట్ జోలీన్ తమ్ముడు. విత్తనాల కంపెనీ తరఫున ఊరూరా తిరిగి అమ్ముతాడు. ఆ ఊళ్ళో పుట్టినా, మనసులో మాట నోటితో అనగల రోగం అతనొక్కడికే ఉంది.

"లీలండ్ చేత చూపిస్తావా?" అన్నాడు ట్రెంట్, పికప్ ట్రక్కు తలుపుకి ఆనుకుని. లీలండ్ రన్‌వే షెడ్డులో ఉండే మెకానిక్. "ఎమిల్ తన బట్టలుతికే మిషన్‌కి రెక్కలు అతికించి తెచ్చినా లీలండ్ సంతకం పెట్టేస్తాడు బావా."

"లీలండ్ మంచోడేరా."

"మంచోడు కాదని ఎవడన్నాడు? ఎమిల్‌కి మంచోడు. ఇరవై ఏళ్ళుగా ఏటా ఆ విమానాన్ని తనిఖీ చేసి బాగుందని రాసేది వాడే. ఇప్పుడు బాగాలేదంటే ఎవడి పరువు పోతుంది? ఎమిల్ అంటే ఎవరో తెలియని వాణ్ణి పట్టుకో."

"ఎమిల్ ఏమనుకుంటాడు?"

"ఏమనుకుంటే ఏం? రెక్క ఊడితే కింద పడేది నువ్వు."

మాట సబబుగానే ఉంది. సబబుగా ఉన్న మాటలు చెప్పడానికి ట్రెంట్‌కి కంపెనీ జీతం ఇస్తోంది. కర్ట్ వాకబు చేసి, రెండు కౌంటీల అవతల పాత గుడ్డ విమానాలు చూసే ఆర్డిస్ థీలెన్ అనే ఆవిడకి ఫోన్ చేశాడు. ఆవిడ ఫోన్లోనే అరుస్తున్నట్టు మాట్లాడింది.

"రెక్క లోపల చూడాలంటే కింద గుడ్డ కోసి కన్నాలు పెట్టాలి. తర్వాత మూతలు బిగిస్తాను, కనపడవు. ఓనరు ఒప్పుకున్నాడా?"

"ఒప్పుకుంటాడు లెండి."

"అడగలేదన్నమాట. సరే, ఏదైనా బయటపడితే ఏంటి? ధర తగ్గిస్తాడా, ఆయనే బాగుచేయించి ఇస్తాడా, లేకపోతే ఎవరి దారి వాళ్ళదా? ముందే అనుకుని రెండు ముక్కలు కాగితం మీద పెట్టుకున్నారా?"

కర్ట్ నవ్వాడు. "ఎమిల్‌తో కాగితమేంటి మేడమ్? మా దగ్గర అలా ఉండదు."

"ఎక్కడా ఉండదు. అందరూ ఇదే చెప్తారు, తర్వాత నాకు ఫోన్ చేసి ఏడుస్తారు. మీ ఇష్టం. గుడ్డ కోయడానికి మాత్రం అడిగి పెట్టండి. పరాయివాళ్ళ విమానం మీద కత్తి పెట్టి తన్నులు తినే ఓపిక నాకు లేదు."

కర్ట్ ఎమిల్ ఇంటికి వెళ్ళాడు. వంటింట్లో కూర్చుని వాన గురించి, ఎమిల్ మోకాలి గురించి, చర్చిలో కొత్త ఫాదరు పాట పాడే తీరు గురించి మాట్లాడారు. లేచి, తలుపు గుబ్బ మీద చెయ్యి వేశాక గాని కర్ట్‌కి అసలు మాట నోటికి రాలేదు.

"అదీ... ఎమిల్, ఒకసారి ఎవరిచేతనైనా చూపిద్దామని."

"లీలండ్ చూశాడుగా మొన్న వేసవి ముందర."

"చూశాడు, చూశాడు. నాకోసం కాదు. ఇన్సూరెన్సు వాళ్ళు అడుగుతున్నారు."

అబద్ధం. నాలుక మీదికి దానంతటదే వచ్చింది. ఎమిల్ మోకాలు రుద్దుకున్నాడు.

"ఎవరు?"

"ఆర్డిస్ థీలెన్ అని, ఇక్కడి మనిషి కాదు."

"చూసుకోనీ."

"రెక్క కింద కొంచెం గుడ్డ కోయాలంట."

ఎమిల్ పెళ్ళాం రోసలీ పోయి చాలాకాలమైంది. రెక్కల మీది ఆ గుడ్డ వాళ్ళిద్దరూ కలిసి ఒక చలికాలమంతా కూర్చుని బిగించారు. ఊళ్ళో ఎవరినడిగినా చెప్తారు.

"కోసుకోనీ" అన్నాడు ఎమిల్.

ఆ కోసుకోనీలో ఏముందో కర్ట్‌కి తెలియక కాదు. ఒప్పుకున్నాడుగా అని తనకి తాను చెప్పుకుని బయటికొచ్చేశాడు.

మొక్కజొన్న కోతలు ముమ్మరంగా ఉన్న రోజుల్లో ఆర్డిస్ వచ్చింది. పొట్టిగా, బలంగా ఉంది. రాగానే ఇంజనుకి గేజీ తగిలించి ఒక్కో సిలిండరూ పరీక్షించింది. తోక దగ్గర గొట్టాల్ని సుత్తి పిడితో తట్టి చెవి పెట్టి విన్నది. ట్రెంట్ పిలవకుండానే వచ్చి లైటు పట్టుకుని ఆవిడ వెనకే తిరిగాడు. లీలండ్ అవతల తన బల్ల దగ్గర డబ్బాలో బోల్టులు ఏరుతున్నాడు. ఆ బోల్టులు వాడు పొద్దుటినుంచీ ఏరుతూనే ఉన్నాడు. ఎమిల్ షెడ్డు గుమ్మంలో మడత కుర్చీ వేసుకుని, విమానానికి వీపు పెట్టి చేల వైపు చూస్తూ కూర్చున్నాడు. జోలీన్ పంపిన, పళ్ళ జాము పెట్టిన తీపి బన్నులు, కొలాచీల పళ్ళెం ఎవరూ ముట్టుకోలేదు, ఆర్డిస్ తప్ప. ఆవిడ పని చేస్తూనే ఒక్కొక్కటీ నోట్లో వేసుకుంటోంది.

ఎడమ రెక్క కింద గుడ్డ మీద కత్తి దిగినప్పుడు చిన్న చప్పుడైంది. ఎమిల్ తల తిప్పలేదు.

"ఇటు రండి" అంది ఆర్డిస్ కాసేపయ్యాక. "ఈ అద్దంలో చూడండి. ఈ చివరినించి ఆ చివరికి పోయే చెక్క దూలం ఉందే, రెక్కని మోసేది అదే. దానిమీద మేకుల వరస పక్కన చూడండి."

వెంట్రుకంత గీత. ట్రెంట్ లైటు దగ్గరికి జరిపితే ఇంకా పొడుగ్గా కనపడింది.

"రెక్క ఎప్పుడో నేలకి తగిలింది. పాత పగులు. లోపల దుమ్ము పేరుకుంది."

"దీంతో ఎగరొచ్చా?"

"ఎగరొచ్చు. దిగడం సంగతి మాత్రం నేను చెప్పలేను."

లీలండ్ డబ్బాలో బోల్టుల చప్పుడు ఆగిపోయింది.

"మిగతాదంతా?" అన్నాడు కర్ట్.

"మిగతాది ఎంత బాగుందంటే, మీరు వద్దంటే నేనే కొనుక్కుంటా. కుడి రెక్క కూడా చూశాను, శుభ్రంగా ఉంది. రెక్క దించి ఆ దూలం ఒక్కటి మార్చుకుంటే సరి, ఒక చలికాలం పని. అందుకు తగ్గట్టు ధర తగ్గించమనండి. ఇప్పుడే వెళ్ళి అడగండి, నేను ఇక్కడ ఉండగానే."

కర్ట్ గుమ్మం దాకా నడిచాడు. ఎమిల్ పక్కన నిలబడ్డాడు. ఇద్దరూ చేల వైపు చూశారు. దూరంగా కోత మిషను దుమ్ము రేపుకుంటూ పోతోంది.

"పగులుందట" అన్నాడు కర్ట్.

"విన్నా."

"ఎడమ రెక్కలో."

"విన్నానన్నాగా. ఆవిడ గొంతు పక్క కౌంటీకి వినపడుతోంది."

చెప్పాల్సింది చాలా చిన్న మాట. నాకిది కావాలి, పగులుతో సహా కావాలి, ఎంతో చెప్పు. ఆ మాట కర్ట్ గొంతులోకి వచ్చింది, అక్కడే నిలబడింది. పగులు చూపించి ముసలాయన్ని బేరమాడినట్టుంటుంది. అదీ అంతమంది ముందు. లీలండ్ వింటుండగా.

"తొందరేం లేదు ఎమిల్" అన్నాడు.

"నాకేం తొందర?"

"ఆలోచించుకుందాం."

"ఆలోచించుకో."

"మొక్కజొన్న ఇంకా తేమగానే ఉందటగా?"

"ఉందట. ఈ ఏడు ఆరబెట్టే ఖర్చే తినేస్తుంది అందర్నీ."

ఆర్డిస్ సామాను సర్దుకుంటూ కర్ట్‌ని చూసింది. "అడిగారా?"

"మాట్లాడుకున్నాం."

"నేనడిగింది అది కాదు."

"మా ఇద్దరికీ తెలుసు లెండి."

ఆవిడ సామాను పెట్టె మూత వేసింది. మిగిలిన కొలాచీలు కాగితంలో చుట్టుకుని ట్రక్కెక్కింది.

కర్ట్ ఎదురుచూశాడు. ఎదురుచూడటం అతనికి బాగా అలవాటైన పని. పగులు ఎమిల్ విమానంలో ఉంది గనక ధర మాట ఎమిల్ నోటినుంచే రావాలి. వస్తుంది. ఎమిల్ మర్యాదస్తుడు. శనివారాలు కాఫీకి వెళ్ళాడు. ఎమిల్ రావడం మానేశాడు. మోకాలు నొప్పన్నారు. లీలండ్ కర్ట్ కప్పులో తప్ప అందరి కప్పుల్లోనూ కాఫీ పోశాడు. బల్ల దగ్గర వాతావరణం గురించి తప్ప ఎవరూ నోరెత్తలేదు.

"వెళ్ళి కావాలని చెప్పొచ్చుగా" అంది జోలీన్ ఒకరోజు గిన్నెలు తుడుస్తూ.

"వస్తువు ఆయనది. ఆయన చెప్పాలి."

"నువ్వే మనసు మార్చుకున్నావని ఆయన అనుకుంటే?"

"నన్ను ఎరగడా ఏంటి?"

"నీకు ఏం కావాలో కనుక్కోలేక పాతికేళ్ళనించి నేనే చస్తున్నా. ఆయనకి ఎక్కడినుంచి తెలుస్తుంది?"

కర్ట్ టీవీ పెట్టుకున్నాడు.

మంచు మొదలైన వారంలో గోదాము దగ్గర ఒక రైతు లారీ తూయించుకుంటూ, "మీ బావమరిది మంచి పని చేశాడయ్యా" అన్నాడు. "ఎమిల్ విమానం బయటివాడి చేతుల్లోకి పోతుందేమో అనుకున్నాం. చివరికి మీ ఇంట్లోనే ఉండిపోయింది."

కర్ట్ లారీ తూచాడు. చీటీ చింపి ఇచ్చాడు. తర్వాత వచ్చిన లారీ కూడా తూచాడు. సాయంత్రం ట్రెంట్ ఇంటికి వెళ్ళాడు. ట్రెంట్ వాకిట్లో మంచు ఎత్తిపోస్తున్నాడు.

"నీ దగ్గరికే వద్దామనుకుంటున్నా బావా" అన్నాడు, పార నేలకి గుచ్చి.

"నాకు చెప్పకుండా కొన్నావు."

"నువ్వు వద్దన్నావుగా."

"ఎప్పుడన్నాను?"

"తొందర లేదన్నావు. పక్కనే లైటు పట్టుకుని నిలబడ్డా, నేను విన్లేదా? మన ఊళ్ళో తొందర లేదంటే ఏంటి? మా నాన్న మొదటి పెళ్ళి సంబంధం తప్పించుకున్నది కూడా ఆ మాటతోనే. అయినా నెల దాటేదాకా చూశా. నువ్వు కదల్లేదు. నేను వెళ్ళి, ఎమిల్, పగులుతో సహా ఎంత అని అడిగా. అంతే. కాఫీ చల్లారకముందే అయిపోయింది."

"చూపించింది నేను కదరా."

"చూపించావు గనకే కొన్నా! లోపల ఏముందో తెలియకుండా ఎవడు కొంటాడు దాన్ని? నిజంగా బావా, నీ మేలు మర్చిపోను."

వెక్కిరింపు కాదు. వాడి మొహంలో నిజంగానే కృతజ్ఞత ఉంది. కర్ట్‌కి అదే ఎక్కువ మండింది. వెక్కిరింపయితే ఒక్కటి పీకి ఇంటికి పోవచ్చు.

"నీకెప్పుడు కావాలంటే అప్పుడు ఎగురు" అన్నాడు ట్రెంట్. "నీదే అనుకో."

కర్ట్ అక్కణ్ణించి తిన్నగా ఎమిల్ ఇంటికి పోయాడు. ముసలాయన వంటింట్లో బంగాళాదుంపలు చెక్కు తీస్తున్నాడు. ఈసారి వాన గురించి ఎవరూ మాట్లాడలేదు.

"మీరు చెప్తారని చూశాను" అన్నాడు కర్ట్ నిలబడే.

"నువ్వొస్తావని చూశాను నేను. ఏం చెప్పమంటావు? నా విమానం పగిలింది, కాస్త తీసుకుపో నాయనా అని కాళ్ళు పట్టుకోనా?"

"నాకు మాటిచ్చారు మీరు."

"ఇచ్చాను. గుర్తుంది." ఎమిల్ కత్తి కింద పెట్టాడు. "నాకు గుర్తుండబట్టే ఆ రోజు బల్ల దగ్గర నీవైపు చూశాను. ట్రెంట్ వైపు చూశానా?"

కర్ట్ కుర్చీ వీపు పట్టుకున్నాడు.

"ఆ పగులు నాకు తెలుసు" అన్నాడు ఎమిల్. "రోసలీ ఉన్న రోజుల్లో ఈదురుగాలికి రెక్క నేలకి తగిలింది. చూసుకున్నాను. అప్పణ్ణించీ మెల్లిగా ఎగిరాను."

"తెలుసా?" కర్ట్ గొంతు పైకి లేచింది. "తెలిసి నాకు అమ్ముదామనుకున్నారా? నేను చచ్చుంటే?"

"నేను ఎగరలేదా దాంట్లో? ఆమెని ఎక్కించుకోలేదా?"

"నాకు చెప్పేవారా అని."

"నా మొహం చూసి, ఎమిల్, దీంట్లో ఏమైనా ఉందా అని అడిగుంటే చెప్పేవాణ్ణి. ఇన్సూరెన్సు వాళ్ళు అడుగుతున్నారన్నావు. ఈ ఊరికంతా ఇన్సూరెన్సు చేసేది నా మేనల్లుడురా కర్ట్. వాడేమీ అడగలేదు." మళ్ళీ దుంప చేతిలోకి తీసుకున్నాడు. "నువ్వు అడిగుంటే పగులుందని చెప్పి ఊరికే ఇచ్చేవాణ్ణి. పైసా తీసుకునేవాణ్ణి కాదు."

అమ్మేశాక ఎవడైనా దానకర్ణుడే. తొక్క గిన్నెలో పడుతుంటే కర్ట్ ఆ మొహంలోకి చూశాడు. నిజమో అబద్ధమో దొరకలేదు. అబద్ధమైతే, తండ్రి పోయినప్పటినుంచీ పట్టుకు వేలాడిన మనిషి తనని పగిలిన రెక్క మీద ఎక్కించబోయాడు. నిజమైతే, ఊరికే వచ్చేదాన్ని తనే ఖర్చుపెట్టి మరీ పోగొట్టుకున్నాడు. ఇంటికి వెళ్ళేదాకా ఏది మేలో తేల్చుకుందామని చూశాడు. రెండూ ఒకదాన్ని మించి ఒకటి చేదుగా ఉన్నాయి.

కొన్నాళ్ళకి ట్రెంట్ ఫోన్ చేశాడు. "ఆదివారం చర్చి అయ్యాక ఎడమ రెక్క దించుతున్నాం. నలుగురు మనుషులు కావాలి. నేను, లీలండ్, లీలండ్ అల్లుడు ఉన్నాం."

"వెళ్తావా?" అంది జోలీన్.

"పిలిచారుగా."

పిలిస్తే వెళ్ళాలి. పురిటికైనా, పూడ్చడానికైనా, కోతకైనా, పిలిచినప్పుడు వెళ్ళకపోతే ఊరంతా కారణం వెతుకుతుంది. కారణం దొరికిందా, కర్ట్ వావ్రా ఒక విమానం కోసం ఏడ్చాడని పిల్లల పిల్లలదాకా చెప్పుకుంటారు. అందుకని పని చొక్కా వేసుకుని వెళ్ళాడు.

రెక్క చివర పట్టుకునే పని అతనికిచ్చారు. లీలండ్ నిచ్చెన మీద నిలబడి బోల్టులు వదులు చేస్తున్నాడు.

"గట్టిగా పట్టుకో కర్ట్" అన్నాడు. "వదిలావంటే ఇంకో పగులు దొరుకుతుంది నీకు."

అల్లుడు పడీ పడీ నవ్వాడు. ట్రెంట్ కూడా నవ్వి, మళ్ళీ కర్ట్ మొహం చూసి ఆపాడు. చివరి బోల్టు ఊడివచ్చింది. రెక్క బరువు ఒక్కసారిగా అతని అరచేతుల్లోకి దిగింది. అనుకున్నంత బరువు లేదు. ఇద్దరు మనుషుల్ని ఆకాశంలో మోసిన వస్తువు ఇంతేనా అనిపించింది. చేతులు పైకెత్తి, మెడ రెక్కకి ఆనించి, గుడ్డకి పూసిన పాత రంగు వాసన పీలుస్తూ కాసేపు అలాగే నిలబడ్డాడు.

"దింపు బావా. ఏంటలా నిలబడ్డావు? మెల్లిగా."

దింపాడు. పాత పరుపుల మీద పడుకోబెట్టారు. లీలండ్ చేతులు తుడుచుకుంటూ, ఇంకా విమానానికే ఉన్న కుడి రెక్క వైపు ఎగాదిగా చూశాడు.

"ఇది కూడా ఆవిడే చూసిందా?"

"చూసింది" అన్నాడు ట్రెంట్. "శుభ్రంగా ఉందంది."

"అయినా నేనోసారి విప్పి చూస్తా. బయటివాళ్ళ మాట పట్టుకుని ఎగరడానికి నాకైతే ధైర్యం చాలదబ్బా."

అల్లుడు తలాడించాడు. ట్రెంట్ కూడా ఆలోచించి, అదీ నిజమేనన్నాడు.

"అయితే వచ్చే ఆదివారం అదీ దించుదాం. వస్తావుగా బావా?"

కర్ట్ చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు.

"వస్తాను" అన్నాడు.